మద్ది చెట్టు మీద దసలి పట్టు: మొదటిసారి పంట వేసేవాళ్ళకు

తునికాకు కల్లాలు ముగిసి, వానలు ఇంకా మొదలుకాని ఆ రెండు వారాల్లో మహారాష్ట్రలోని మా సిరొంచ తాలూకాలో చేతికి పెద్దగా పని ఉండదు. దసలి పట్టు పెంచితే ఎలా ఉంటుందన్న ఆలోచన చాలామందికి అప్పుడే పుడుతుంది. మద్ది చెట్లు ఊరి పక్కనే ఉన్నాయి. గుడ్లు ప్రభుత్వ కేంద్రంలో దొరుకుతాయి. ఆకు కోసి పెట్టే పని లేదు, షెడ్డు కట్టే ఖర్చు లేదు. పురుగు చెట్టు మీదే తిని చెట్టు మీదే కాయ, అంటే పట్టుగూడు, కడుతుంది. మనం వెళ్ళి కోసుకోవడమే కదా!

నేనూ ఇలాగే లెక్కేసుకుని మొదటి ఏడాది 300 గుడ్ల సముదాయాలు తెచ్చాను. ఒక్కోదానిలో 200 గుడ్లనుకుంటే 60,000 పురుగులు. కాపలాకు నేను, మా తమ్ముడు. చివరికి చేతికి వచ్చినవి రెండు వేల కాయలు కూడా లేవు. మా మేనమామ వచ్చి చెట్లన్నీ ఒకసారి తిరిగి చూసి, "అల్లుడా, నువ్వు పురుగుల్ని పెంచలే, పిట్టల్ని పెంచినవ్" అని వెళ్ళిపోయాడు. మరుసటి ఏడాది ఆయన మాట విని 100 మాత్రమే తెచ్చాను. 4,000 పైన కాయలు వచ్చాయి. ఆ రెండు పంటలకూ తేడా ఎక్కడొచ్చిందో తెలిస్తే మీకు ఒక ఏడాది కలిసొస్తుంది. అందుకే ఇది రాస్తున్నాను.

ముందు పేర్లు తెలుసుకోండి

ఇంట్లో మనం తెలుగు మాట్లాడతాం, ఆఫీసు కాగితం మరాఠీలో ఉంటుంది. మనం దసలి అనేదాన్ని అక్కడ టసర్ అంటారు. చత్తీస్‌గఢ్ వైపు నుంచి వచ్చే వ్యాపారి కోసా అంటాడు. మన నల్లమద్దిని మరాఠీలో ఐన్ అని రాస్తారు. తెల్లమద్ది, అంటే వాగుల పక్కన పెరిగే ఏరుమద్ది, అర్జున్. ఒక తల్లి పెట్టిన గుడ్లన్నిటినీ కలిపి అండీపుంజ్ అంటారు. నది దాటి తెలంగాణలోని చెన్నూరు, మహదేవపూర్ వైపు వెళితే అదే డీఎఫ్ఎల్. మహారాష్ట్రలో పట్టు శాఖ పేరు రేశీం సంచాలనాలయ, దాని కేంద్ర కార్యాలయం నాగపూర్‌లో ఉంది. జిల్లా ఆఫీసుకు వెళ్ళి పట్టు అంటే అర్థం కాకపోవచ్చు కానీ రేశీం అంటే వెంటనే కుర్చీ చూపిస్తారు.

చెట్టు సంగతి

దసలి పురుగు మల్బరీ పురుగులాంటిది కాదు. దాని శాస్త్రీయ నామం ఆంథీరియా మైలిట్టా. వేల ఏళ్ళుగా మనిషి ఇంట్లో ఉండి ఎగరడం కూడా మరిచిపోయిన మల్బరీ చిలుక వేరు, ఇప్పటికీ అడవిలో సొంతంగా బతుకుతున్న ఈ చిలుక వేరు. (చిలుక అంటే ఇక్కడ సీతాకోకచిలుక లాంటి రెక్కల పురుగు అని, పలుకులు పలికే చిలుక కాదు.) అందుకే దీన్ని తట్టల్లో పెట్టి ఇంట్లో పెంచడం కుదరదు. ఆరుబయట చెట్టు మీదే పెరగాలి.

నల్లమద్ది, తెల్లమద్ది రెండూ దీనికి ఇష్టమే. రేగు, చెన్నంగి, నేరేడు ఆకు కూడా తింటుంది కానీ పంట వేయడానికి వాటిని నమ్ముకోకండి. పాతిక అడుగుల పెద్ద చెట్టు చూసి ఆకు బోలెడంత ఉందని మురిసిపోవద్దు. మీ చెయ్యి అందని కొమ్మ మీద ఉన్న పురుగు మీది కాదు, కాకిది. ఐదారు అడుగుల ఎత్తులో, కింద నిలబడి ప్రతి కొమ్మనూ వంచి చూడగలిగే చెట్టు కావాలి. అందుకే ఫిబ్రవరి, మార్చి నెలల్లో పై కొమ్మలు నరికేస్తారు. ఇప్ప పువ్వు రాలే రోజులకల్లా ఈ పని పూర్తయితే వానాకాలానికి లేత చిగురు దట్టంగా వస్తుంది. కొత్తగా నాటిన మొక్కలైతే నాలుగో ఏడాది వరకు వాటి మీద పురుగు వేయకండి.

తెల్లమద్ది వాగు ఒడ్డున బాగా ఎదుగుతుంది కదా అని ప్రాణహిత ఒడ్డునే తోట పెట్టుకునేవాళ్ళున్నారు. 2022 జూలైలో గోదావరి, ప్రాణహిత కలిసి ఎంతదూరం వచ్చాయో ఇక్కడివాళ్ళెవరికీ చెప్పక్కర్లేదు. ఒడ్డుకు కాస్త ఎడంగా, గట్టు నేల మీద ఉన్న చెట్లనే ఎంచుకోండి.

చెట్లు అడవిలో ఉంటే ముందు గ్రామసభలో మాట్లాడండి, తర్వాత అటవీ శాఖ బీట్ గార్డుకు చెప్పండి. 2006 అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఉత్పత్తులు ఏమిటో చెప్పేచోట టసర్‌నూ పట్టుకాయలనూ పేరు పెట్టి మరీ చేర్చింది. అంటే కాయల మీద హక్కు అడగడానికి ఆధారం ఉంది. కానీ కొమ్మలు నరకడం వేరే విషయం. ఆ మాట ముందే తేల్చుకోకుండా గొడ్డలి పట్టుకుని వెళితే తర్వాత తిరిగేది మీరే.

ఏ పంట వేయాలి

వానలు పడగానే, జూలైలో వేసేది మొదటి పంట. సెప్టెంబరులో వేసేది రెండోది. మూడు తరాలు తీసే జాతులైతే నవంబరు తర్వాత మూడో పంట కూడా వస్తుంది. జార్ఖండ్ నుంచి వచ్చిన డాబా, మన వైపు అడవుల్లో ఉండే ఆంధ్ర లోకల్, భండారా లోకల్ అని రకరకాల జాతులున్నాయి. మీ తాలూకాకు ఏది ఇస్తారో కేంద్రంలో అడగండి, అదే తీసుకోండి. వేరే జిల్లా నుంచి బంధువు తెచ్చిచ్చిన జాతితో ప్రయోగాలు వద్దు.

మొదటి పంట దాదాపు 30–35 రోజుల్లో అయిపోతుంది. విని సంతోషించకండి. జూలై వాన పిల్ల పురుగుల్ని కొట్టుకుపోతుంది, తడి ఎక్కువై జబ్బులు వస్తాయి. ఆ పంటను ఎక్కువగా విత్తనం కోసమే వేస్తారు. అమ్మకానికి కాయ తీసేది రెండో పంటలో. అది 40–50 రోజులు పడుతుంది కానీ కాయ గట్టిగా ఉంటుంది. కొత్తవాళ్ళు దానితోనే మొదలుపెట్టడం మంచిది.

ఒక్క చిక్కుంది. సెప్టెంబరు మొదట్లో పురుగు వేస్తే, ఊళ్ళో బతుకమ్మ పేర్చే రోజులకు అది తన ఐదు దశల్లో నాలుగో ఐదో దశలో, బాగా కొవ్వి ఉంటుంది. పిట్టలకు కంటికింపుగా కనిపించేది సరిగ్గా అప్పుడే. తోటలో కాపలాకు మనిషి దొరకనిదీ అప్పుడే. దసరాకు ఎవరు తోటలో ఉంటారో ఇంట్లో ఆగస్టులోనే మాట్లాడుకోండి. నవ్వులాటకు చెప్పడం లేదు, మా ఇంట్లో దీని మీద రెండేళ్ళు మాటా మాటా వచ్చింది.

గుడ్లు: పంట సగం ఇక్కడే తేలిపోతుంది

ఎన్ని తేవాలి? పొద్దున్నుంచి సాయంత్రం దాకా తోటలో నిజంగా ఉండగలిగే మనుషులను లెక్కపెట్టండి. అప్పుడప్పుడు వస్తానన్న బావమరిదిని లెక్కలో వేయొద్దు. మొదటి ఏడాది మనిషికి 50 సముదాయాలకు మించి వద్దని నా మాట. 100 అయినా చూసుకోగలం అనే పాత రైతులున్నారు, వాళ్ళ కన్ను వేరు.

ఎక్కడ తేవాలి? ప్రభుత్వ గుడ్ల కేంద్రం నుంచి, లేదా అక్కడ పరీక్ష చేయించిన గుడ్లు మాత్రమే. ఇందులో నేను దెబ్బతిన్నాను కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. ఒక ఏడాది కేంద్రంలో గుడ్లు అయిపోయాయంటే, సంతలో ఒకాయన సగం ధరకు ఇస్తానన్నాడు. తెచ్చాను. పురుగులు బాగానే పుట్టాయి. పది రోజులకు చూస్తే ఒకే చెట్టు మీద కొన్ని వేలెడంత ఉన్నాయి, కొన్ని ఇంకా బియ్యపు గింజంత. జ్వరానికి, అంటే చర్మం విడవడానికి, కొన్ని వెళితే కొన్ని వెళ్ళవు. నెల తిరిగేసరికి ఒక్కొక్కటే వాడి రాలిపోయాయి. అది పెబ్రిన్.

ఈ జబ్బు నొసీమా అనే సూక్ష్మజీవి వల్ల వస్తుంది. దీని చెడ్డ గుణం ఏమిటంటే తల్లి నుంచి గుడ్డులోకే వెళ్ళిపోతుంది. గుడ్డు పైన ఎంత కడిగినా లోపలున్నది పోదు. పురుగుకు వచ్చాక మందు లేదు. 19వ శతాబ్దంలో ఫ్రాన్సు పట్టు రైతులు ఇలాగే దివాలా తీస్తుంటే 1865లో లూయీ పాశ్చర్‌ను అక్కడికి పంపారు. కుక్కకాటు టీకా కనిపెట్టిన పాశ్చరే. ఆయన చూపిన దారి చాలా సులువైనది: గుడ్లు పెట్టిన తల్లి చిలుకను నూరి సూక్ష్మదర్శినిలో చూడు, అందులో జబ్బు కనిపిస్తే ఆ తల్లి గుడ్లన్నీ కాల్చెయ్. ఈరోజుకూ గుడ్ల కేంద్రాల్లో చేసేది అదే. డీఎఫ్ఎల్ అన్న మూడక్షరాలకు అర్థం కూడా రోగం లేని గుడ్లు అనే. మీరు డబ్బు ఇచ్చేది గుడ్లకు కాదు, ఆ పరీక్షకు. సంతలో సగం ధరకు వచ్చేది పరీక్ష లేని గుడ్డు.

తెచ్చేటప్పుడు పొద్దున్నే చల్లపూట తీసుకురండి. బస్సులో ఇంజన్ పక్కన, బండి డిక్కీలో పెట్టకండి. గాలి ఆడే గుడ్డసంచిలో, పలచగా పరిచి తేవాలి. ఇంట్లో పురుగుమందులు, ఎరువుల బస్తాలు లేని గదిలో ఉంచండి. అగరుబత్తి కూడా వద్దు. గాలి మరీ పొడిగా ఉంటే గదిలో తడిపిన గోనె వేలాడదీస్తే చాలు. తల్లి గుడ్లు పెట్టిన రోజు నుంచి 8–10 రోజుల్లో పిల్లలు బయటికి వస్తాయి. పెట్టిన తేదీ కేంద్రంలో రాసిస్తారు, ఆ కాగితం పారేయకండి.

మొదటి పది రోజులు

గుడ్లు పగిలేది తెల్లవారుజాము నుంచి పొద్దున తొమ్మిది లోపు. కాబట్టి ఆరోజు నాలుగింటికే లేవాలి. పిల్ల పురుగు ముందు తన గుడ్డు పెంకునే కొరికి తింటుంది, తర్వాత వెలుతురు వైపు పాకుతుంది. తల నల్లగా, ఒళ్ళు గోధుమ రంగులో ఉండి, దాదాపు పది మిల్లీగ్రాముల బరువుంటుంది. ఇదే పురుగు పండేనాటికి 30 గ్రాములు దాటుతుంది.

వీటిని చేత్తో పట్టుకోవద్దు. గుడ్లు ఉంచిన ఆకు దొన్నెను లేత ఆకులున్న కొమ్మకు కట్టేస్తే అవే పాకి ఎక్కుతాయి. ఎండ ముదరక ముందే ఈ పని ముగించండి. ఏ రోజు పుట్టినవాటిని ఆ రోజు వేరే చెట్టు మీద వేయండి. మొదటి రోజువీ మూడో రోజువీ ఒకే చెట్టు మీద కలిపితే, తర్వాత కొన్ని జ్వరంలో ఉంటాయి, కొన్ని తింటూ ఉంటాయి. అప్పుడు చెట్టు మార్చలేరు, జబ్బొచ్చినా గుర్తుపట్టలేరు.

చాకీ దశ, అంటే మొదటి రెండు దశలు, వల కింద జరగాలి. నైలాను వల కొనడానికి డబ్బులు లేకపోతే కేంద్రంలో అడగండి, ఇచ్చే పథకాలుంటాయి. అదీ కాకపోతే గుడ్లు తగ్గించుకుని ఉన్నంత వల కిందే పెట్టండి. నా మొదటి పంటలో వల లేదు. 60,000లో ఎక్కువ భాగం పోయింది ఈ పది రోజుల్లోనే, నేను చూస్తుండగానే. నాకు కనిపించింది కాకులే. కనిపించనిది చీమ.

ఆకులు కుట్టి గూడు కట్టే ఎర్ర చీమలు ఒక్క పూటలో చెట్టు ఖాళీ చేస్తాయి. బస్తర్ వైపు ఈ చీమలతో పచ్చడి నూరుతారు, సంతలో దొన్నెల్లో అమ్ముతారు. తోటలో ఆ గూళ్ళు ఉంటే పురుగు వేయడానికి వారం ముందే కొమ్మతో సహా కోసి దూరంగా తీసుకెళ్ళండి. పచ్చడి చేసుకుంటారా లేదా మీ ఇష్టం. చెట్టు మొదళ్ళ దగ్గర గడ్డి పీకి, సున్నం తొమ్మిది పాళ్ళకు బ్లీచింగ్ పౌడరు ఒక పాలు కలిపి చల్లండి. చెట్టుకు ఏ పురుగుమందూ కొట్టవద్దు. పక్క చేలో పత్తికి మందు కొడుతుంటే గాలి ఎటు వీస్తోందో చూసి ఆ రైతుతో ముందే మాట్లాడుకోండి. పత్తికి పురుగు శత్రువు, మనకు పురుగే పంట. ఒక్క గట్టు తేడా.

జ్వరాలు, చెట్టు మార్చడం

పురుగు చర్మం విడిచే సమయాన్ని పట్టు రైతులు జ్వరం అంటారు. మొత్తం నాలుగు జ్వరాలు, ఐదు దశలు. తినడం మానేసి, తల కాస్త పైకెత్తి, కదలకుండా కొమ్మను పట్టుకుని ఉంటే జ్వరానికి వెళ్ళినట్టు. ఒక రోజు, చలి ఎక్కువైతే ఇంకాస్త ఎక్కువ పడుతుంది. ఆ సమయంలో దాన్ని ముట్టుకోవద్దు, కొమ్మ ఊపవద్దు. మొదటి జ్వరం తర్వాత ఆకుపచ్చ రంగులోకి మారుతుంది. ఎప్పుడో ఒకటి పసుపు పచ్చగా కనిపిస్తుంది. అది జబ్బు కాదు, ఆ రంగు పురుగులు పుట్టడం ఉన్నదే.

చెట్టు మీద ఆకు ముప్పాతిక అయిపోగానే వేరే చెట్టుకు మార్చాలి. పూర్తిగా అయ్యేదాకా ఆగితే పురుగులు కిందికి దిగి నేల మీద పాకుతాయి, చీమలకు దొరుకుతాయి. మార్చేటప్పుడు పురుగును పీకొద్దు. దాని వెనక కాళ్ళ పట్టు ఎంత గట్టిదంటే లాగితే ఒళ్ళు చిట్లుతుంది కానీ కొమ్మ వదలదు. అది కూర్చున్న చిన్న కొమ్మనే కత్తిరించి కొత్త చెట్టు కొమ్మల మధ్య ఆనించండి.

ఆకు లెక్క ఇక్కడ గుర్తుంచుకోండి. పురుగు జీవితమంతా తినే ఆకులో నూటికి 80 పాళ్ళు ఐదో దశలోనే తింటుంది. నాలుగో దశ దాకా తోట నిండుగా కనిపించి, వారం తిరక్కుండానే ఆకు లేక దిక్కులు చూసేది అందుకే. ఐదో దశ కోసం కనీసం సగం చెట్లు ముట్టకుండా ఉంచండి.

కాపలా

ఇది అసలు పని. మిగతావన్నీ దీని చుట్టూ చేసే పనులు.

పొద్దున ఆరు నుంచి తొమ్మిది, సాయంత్రం నాలుగు నుంచి చీకటి పడేదాకా పిట్టలు వస్తాయి. మధ్యాహ్నం కోతులు, ఉడుతలు. పాత పద్ధతి మంచె మీద కూర్చుని ఉండేలుతో కొట్టడం, డబ్బా మోగించడం. మంచె మీద కూర్చుంటే పిట్టలకు మనం కనిపిస్తాం కానీ పురుగులు మనకు కనిపించవు. నాకు తెలిసినంతలో తిరగడమే నయం. చెట్టు చెట్టుకూ నడుస్తూ, ఆకుల అడుగున చూస్తూ, గట్టిగా మాట్లాడుతూ. దిష్టిబొమ్మలు మూడు రోజులు పనిచేస్తాయి, నాలుగో రోజు కాకి దాని నెత్తిన కూర్చుంటుంది. మెరిసే రిబ్బన్లు కట్టినా తరచూ చోటు మార్చాలి.

తిరిగేటప్పుడు చూడాల్సినవి పిట్టలు ఒక్కటే కాదు. ముందు కాళ్ళు ముడుచుకుని దణ్ణం పెడుతున్నట్టు కూర్చునే గొల్లభామ, ముక్కు సూదిలా ఉండి పురుగును గుచ్చి రసం పీల్చే నల్లులు, కందిరీగలు. వీటిని చేత్తో ఏరి చంపాల్సిందే. గొల్లభామ గుడ్ల గూడు కొమ్మకు అంటుకుని నురగ గడ్డకట్టినట్టు ఉంటుంది. ఒక్క గూడు తీసేస్తే వంద గొల్లభామలను తీసేసినట్టే.

అన్నిటికంటే దొంగ ఊజీ ఈగ. చూడ్డానికి ఇంటి ఈగకు అన్నలా ఉంటుంది. ఎదిగిన పురుగు ఒంటి మీద తెల్లగా చిన్న గుడ్డు పెట్టి పోతుంది. గుడ్డు పగిలి పిల్ల లోపలికి దూరితే అక్కడ నల్లమచ్చ పడుతుంది. అలాంటి పురుగు ఒక్కోసారి మామూలుగానే తిని కాయ కూడా కడుతుంది. తర్వాత ఈగ పిల్ల కాయకు చిల్లు పెట్టుకుని బయటికొచ్చి మట్టిలోకి దిగుతుంది. తెల్ల గుడ్డు ఒంటి మీద కనిపించగానే చిమటాతో తీసేయాలి, నల్లమచ్చ ఉన్నవాటిని ఏరి వేరే పెట్టాలి. చలి మొదలయ్యాక దీని బాధ ఎక్కువ, అందుకే రెండో పంట చివర్లో నిద్ర తగ్గించుకోవాలి.

చనిపోయినవాటిని చదవడం

పొద్దున తోటలోకి వెళ్ళగానే చనిపోయిన పురుగుల్ని చూస్తే ఏం జరుగుతోందో తెలుస్తుంది. వెనక కాళ్ళతో వేలాడుతూ, ముట్టుకుంటే పగిలి నల్లని నీరు కారితే వైరస్. మలం గొలుసులా బయటికొచ్చి అతుక్కుపోతే బ్యాక్టీరియా. తెల్లగా సున్నం పూసినట్టు బిగుసుకుపోతే బూజు తెగులు. ఎదుగుదల హెచ్చుతగ్గులుగా ఉంటే పైన చెప్పిన పెబ్రిన్ అనుమానం, అప్పుడు నాలుగు పురుగులను డబ్బాలో పెట్టి కేంద్రానికి తీసుకెళ్ళి చూపించండి.

ఏదైనా సరే, చచ్చినదాన్ని చెట్టు కింద పడేయవద్దు. సున్నం, బ్లీచింగ్ వేసిన గుంతలో పూడ్చి చేతులు కడుక్కోండి. వైరస్‌కు రాంచీ దగ్గర నగ్రిలో ఉన్న కేంద్ర టసర్ పరిశోధన సంస్థవాళ్ళు జీవన్ సుధ అనే మూలికల మందు తయారు చేశారు. కేంద్రంలో దొరికితే వాళ్ళు చెప్పిన పాళ్ళలో కలిపి, జబ్బు రాకముందే ఆకు మీద చల్లాలి. వచ్చాక చల్లి ఫలితం లేదు.

కాయ కట్టడం, కోయడం

పండిన పురుగు తినడం మానేసి, ఒక్కసారిగా పలచగా మలం విసర్జించి, చోటు వెతుక్కుంటుంది. రెండు మూడు ఆకుల్ని దగ్గరికి లాగి, ముందుగా కొమ్మ చుట్టూ పట్టుతో ఉంగరం చుట్టి, దాని నుంచి గట్టి తొడిమ దింపుతుంది. తొడిమ చివర కాయ కడుతుంది. అందుకే గాలివాన వచ్చినా, ఆకు రాలినా దసలి కాయ చెట్టునే పట్టుకుని ఉంటుంది. నేను రాత్రి టార్చి వేసి ఒకదాన్ని గంటసేపు చూశాను, తల ఎనిమిది అంకె గీస్తున్నట్టు తిప్పుతూనే ఉంది.

తొందరపడి కోసేవాళ్ళే ఎక్కువ. పైకి కాయ పూర్తయినట్టే కనిపిస్తుంది, లోపల ఇంకా పట్టు పోస్తూనే ఉంటుంది. కాయ మొదలైన రోజు నుంచి కనీసం వారం ఆగాలి, చలిగా ఉంటే ఇంకో రెండు రోజులు. ఒక కాయ కోసి చెవి దగ్గర ఊపండి. లోపల గట్టిగా తగిలిన చప్పుడొస్తే ప్యూపా (పురుగు చిలుకగా మారే ముందు ఉండే రూపం) తయారైనట్టు, కోయొచ్చు. ఉంగరం దగ్గర కత్తెరతో కోయాలి, కాయను పట్టుకుని లాగొద్దు. మంచి కాయ దాదాపు పది గ్రాములుంటుంది, అందులో పట్టు రెండు గ్రాముల లోపే, మిగతాదంతా ప్యూపా బరువు. దాంట్లోంచి 700–800 మీటర్ల దాకా పోగు వస్తుంది.

కోసిన రోజే వేరు చేయండి: గట్టివి, పలచవి, మరక పడ్డవి, చిల్లు పడ్డవి. లోపల కుళ్ళిన ఒక్క కాయ బుట్టలో ఉంటే పక్కన ఉన్న పదింటికి మరక అంటుతుంది. బుట్టలో ఒకదాని మీద ఒకటి కుప్ప పోయకండి, నీడలో పరచండి.

సొంత గుడ్లు తీయాలనుకుంటే

మొదటి రెండేళ్ళు వద్దు. సూక్ష్మదర్శిని పరీక్ష లేకుండా ఇంట్లో తీసిన గుడ్డు సంతలో గుడ్డులాంటిదే. అయినా ఓ యాభై కాయలు ఉంచుకుని ఒక్కసారి చూడండి. తాను పెంచే పురుగు చివరికి ఏమవుతుందో చూడని రైతు సగమే తెలిసినవాడని మా మామ అంటాడు.

కాయల్ని తొడిమ పైకి ఉండేలా దండలుగా కుట్టి గాలి ఆడే గదిలో వేలాడదీస్తారు. రెండో పంట కాయల్లోని ప్యూపాలు చలికాలం, ఎండాకాలం అంతా నిద్రలో ఉండి తొలకరి తడి తగిలాక కదులుతాయి. మన 45 డిగ్రీల మే ఎండలో రేకుల కింద పెడితే అన్నీ చస్తాయి. పెంకుటింట్లో, తడి గోనెలు కట్టిన గది కావాలి.

చిలుకలు బయటికొచ్చేది సాయంత్రం నుంచి అర్ధరాత్రి లోపు. ముందు తొడిమ దగ్గర కాయ తడిసినట్టు కనిపిస్తుంది. చిలుక ఒక రసంతో పట్టును కరిగించి మెత్తబరిచి, దారి చేసుకుని, తడిసిన గుడ్డపేలికలాంటి రెక్కలతో బయటికొచ్చి వేలాడుతుంది. గంటలో ఆ రెక్కలు అరచేతికన్నా వెడల్పుగా విచ్చుకుంటాయి. నాలుగు రెక్కల మీద కళ్ళలాంటి నాలుగు మచ్చలు, ఒక్కో మచ్చ మధ్యలో అద్దంలా అవతలి వెలుతురు కనిపించే పొర. మగది ఇటుక రంగులో, ఈకల్లాంటి మీసాలతో ఉంటుంది. ఆడది పసుపు, బూడిద రంగుల్లో, పొట్ట నిండుగా. వీటికి తినే నోరు లేదు. పురుగుగా తిన్నదే చివరిదాకా. ఆ రాత్రి జతకట్టి, మర్నాడు విడదీశాక ఒక్కో ఆడదాన్ని ఒక్కో డబ్బాలో పెడితే మూడు రోజుల్లో 150 నుంచి 250 దాకా గుడ్లు పెడుతుంది. మగవి చాలకపోతే పాతకాలంవాళ్ళు ఆడ చిలుకను రాత్రి చెట్టుకు కట్టి ఉంచేవారు, వాసనకు అడవి మగ చిలుకలు ఎక్కడినుంచో వచ్చేవి. మా ఇంటి వెనక నేను కట్టి చూశాను. తెల్లారేసరికి నిజంగానే ఒకటి వచ్చి ఉంది.

పొద్దున్నే ఆ డబ్బాలను, తల్లితో సహా, కేంద్రానికి తీసుకెళ్ళి పరీక్ష చేయించుకుంటే అప్పుడు అవి గుడ్లు.

అమ్మకం

దసలి కాయ కిలోల్లో కాదు, లెక్కన అమ్ముడవుతుంది. అందుకే వేరు చేసిన రకాలను కలిపి ఇవ్వొద్దు. కలిపితే పలచని కాయ ధర అన్నిటికీ పడుతుంది. వ్యాపారి ఇంటికొచ్చి ధర చెబితే, ముందు ఆర్మోరి వైపు, మహదేవపూర్ వైపు ఆ వారం ఏ ధర నడుస్తోందో ఫోన్ చేసి కనుక్కోండి. వంతెనలు వచ్చాక రెండు వైపులా వెళ్ళడం సులువైంది. విదర్భలో రంపపు పళ్ళ అంచుతో నేసే కర్వత్ చీరలకు, మహదేవపూర్ టసర్ చీరలకు కావాల్సింది గట్టి కాయే.

లోపల ప్యూపా ఉన్న కాయను ఎక్కువ రోజులు ఉంచితే చిలుక చిల్లు పెట్టుకుని వెళ్ళిపోతుంది. నిల్వ చేయాలంటే ఆవిరి పట్టించో ఎండబెట్టో లోపలిదాన్ని చంపుతారు. అది మనసుకు పట్టనివాళ్ళకు చిల్లు పడ్డ కాయ కూడా పనికొస్తుంది. దాని నుంచి ఏకధాటి పోగు రాదు కానీ దూదిలా వడికి నూలు తీయవచ్చు, ఘీచా లాంటి ముతక నూలుకు గిరాకీ ఉంది. హైదరాబాదులో కుసుమ రాజయ్య అహింసా పట్టు అని పేరు తెచ్చింది ఇలా చిలుక వెళ్ళిపోయిన కాయల నూలుతోనే.

ఇంట్లో ఆడవాళ్ళు నూలు తీస్తామంటే, తొడ మీద పోగు దొర్లించే పాత పద్ధతిలో మాత్రం వద్దు. చర్మం ఒరుసుకుపోతుంది, నడుము పోతుంది, పోగు ఎగుడుదిగుడుగా వస్తుంది. దాని బదులు కేంద్ర పట్టు మండలి బునియాద్ అనే చిన్న యంత్రాన్ని ఇప్పిస్తోంది, రేశీం ఆఫీసులో దరఖాస్తు గురించి అడగండి. కాయలు అమ్మేసి వచ్చిన డబ్బులోంచి వలకు కొంత పక్కన పెట్టండి. ఎలుకలు కొరికిన వలను జనవరిలోనే కుట్టించుకుంటే, ఫిబ్రవరిలో కొమ్మలు నరికే పనికి చేతులు ఖాళీగా ఉంటాయి.